నీళ్ళు చూడ్డానికి అంత దూరమా!

ఈ వారం ఊరగాయల సంగతి రాస్తానని మాట ఇచ్చాను. ఆ మాట వచ్చేవారం తప్పక నిలబెట్టుకుంటాను. ఇవాళ మాత్రం మా ప్రయాణం కబుర్లు చెప్పనివ్వండి. చెప్పకపోతే నాకు తోచేటట్టు లేదు.

మా పెద్దబ్బాయి హ్యూస్టన్‌లో వుంటున్నాడు. 2024 జనవరిలో మేమక్కడ వున్నాము. సంక్రాంతి వెళ్ళిన రెండోనాడు వాడు ఆఫీసు నుంచి వస్తూనే, "అమ్మా, నీకూ నాన్నకూ టిక్కెట్లు కొన్నాను. మెక్సికోలో కోజుమెల్ అనే దీవి. అయిదు రోజులు. మీరిద్దరే వెళ్ళాలి" అన్నాడు.

"మేమిద్దరమే ఏమిట్రా? నువ్వూ, కోడలూ, పిల్లలూ?"

"మేమొస్తే నువ్వు అక్కడా వంటిల్లెక్కడుందో వెతుక్కుంటావు."

మా వారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "సముద్రం చూడాలంటే అంత దూరం దేనికిరా? మన ఒంగోలు పోయి, కొత్తపట్నంలో దిగితే సముద్రం కాదూ?" అన్నారు. అన్నారే గానీ, ఒంగోలు నూరుసార్లు వెళ్ళిన మనిషి ఒక్కసారైనా నన్ను కొత్తపట్నం తీసుకువెళ్ళలేదు. ఆ మాట నేను పైకి అనలేదు. నలభై నాలుగేళ్ళ కాపురంలో పైకి అనని మాటలు ఆడదాని దగ్గర ఎన్నుంటాయో మీకు తెలియనిది కాదు.

నిజం చెప్పాలంటే, మేమిద్దరమే ఎక్కడికీ వెళ్ళిన గుర్తు లేదు. తిరుపతికి అత్తగారితో, శ్రీశైలానికి ఆడబిడ్డల కుటుంబాలతో, త్రిపురాంతకానికి వీధి వీధంతా కలిసి. ఎక్కడికెళ్ళినా నా చేతిలో అన్నం క్యారియరు, చంకలో ఎవరో ఒకరి బిడ్డ. అందుకని భయపడుతూనే సరేనన్నాను.

అమెరికా వీసా చెల్లుబాటులో వున్నవాళ్ళకు మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. హ్యూస్టన్ నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. కిందికి చూస్తే నెమలికంఠం రంగు సముద్రం, మధ్యన పచ్చటి చాపలాగా పరిచిన దీవి. యుకటాన్ అనే ద్వీపకల్పానికి తూర్పున కరేబియన్ సముద్రంలో వుంది. పొడవు ముప్ఫయి మైళ్ళు, వెడల్పు పది మైళ్ళు. వున్నది ఒకటే పట్నం, శాన్ మిగేల్.

మొదటిరోజు అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కాము. పాదాల కింద పగడపు దిబ్బలు, వాటి సందుల్లో పట్టుచీరల అంచుల్లాంటి చేపలు. ప్రపంచంలో రెండవ పెద్ద పగడపు దిబ్బల వరసలో ఇదొక భాగమట. చిలకముక్కు చేప పగడపురాయిని కొరికి తిని, ఇసుకగా బయటికి వదులుతుంది. "ఇంత తెల్లటి ఇసుక అలా వచ్చిందేనా!" అని మా వారు నోరు తెరిచారు.

ఆయన సంగతి ఒకటి చెప్పాలి. ఆయన మార్కాపురం పలకల కార్ఖానాలో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు రాశారు. మీలో ఎందరో అక్షరాలు దిద్దుకున్న పలక మా వూరినుంచి వచ్చిందే అయివుంటుంది. ఆ అలవాటు కొద్దీ ఆయన ఏ దేశపు రాయినైనా వేలితో తట్టి చూస్తారు. కోజుమెల్‌లోనూ తట్టారు. "సున్నపురాయి. పలకకు పనికిరాదు" అని తేల్చారు.

భోజనం సంగతి అడుగుతారని తెలుసు. కరివేపాకు పొడి, ఆవకాయ సంచీలో వున్నాయి గానీ, అంతగా అవసరపడలేదు. మొక్కజొన్నలు సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి, రొట్టెలు కాలుస్తారు. మన జొన్నరొట్టెకు చెల్లెలనుకోండి. చిక్కుడుగింజల కూరలో మాత్రం పంది కొవ్వు వేసే అలవాటుంది, ముందే అడిగి తెలుసుకోవాలి. ఎర్రటి షర్బత్తు ఒకటి ఇచ్చారు. తాగితే ఎక్కడో తెలిసిన పులుపు. చూద్దును గదా, మన గోంగూర కాయల మీది ఎర్రటి రేకలే! చింతపండు షర్బత్తూ వుంది. మన మిరపకాయ పుట్టినిల్లు ఆ దేశమే, సీతాఫలం, జామ, బొప్పాయి వచ్చిందీ ఆ ఖండం నుంచే. మామిడీ, చింతా ఇటునుంచి అటు కాపురానికి వెళ్ళాయి. ఇచ్చిపుచ్చుకోవడమంటే అదీ!

రెండోరోజు దీవి మధ్యలో వున్న శాన్ హెర్వాసియో అనే శిథిలాలకు వెళ్ళాము. అక్కడ మాయా జాతివారి దేవత ఇష్చెల్ కొలువు వుండేదట. చంద్రుడికీ, మందులకూ, కాన్పులకూ ఆమె అధిదేవత. పూర్వం ఆ ప్రాంతపు ఆడవాళ్ళు జన్మలో ఒక్కసారైనా పడవల్లో సముద్రం దాటి వచ్చి ఆమెకు మొక్కుకునేవారు. విగ్రహం లోపల డొల్ల. వెనకాల పూజారి దాక్కుని, అమ్మవారు పలికినట్టే జవాబులు చెప్పేవాడని స్పెయిన్ వాళ్ళు రాసిపెట్టారు. మన సోదెమ్మ నయం, ఎదురుగా కూర్చుని చెబుతుంది. అక్కడొక చిన్న గుడిగోడ మీద ఎర్రరంగు అరచేతి గుర్తులున్నాయి. ఎవరివో చిన్న చేతులు. నా చెయ్యి గాలిలోనే వాటికి ఎదురుగా పెట్టి చూసుకున్నాను.

ఆ మాయాల పాత పుస్తకమొకటి జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో భద్రంగా వుంది. అందులో ఒక ముసలి దేవత కడవ వంచి నీళ్ళు కుమ్మరిస్తున్న బొమ్మ వుందనీ, ఆమె ఇష్చెల్ రూపమేనని పండితులు కొందరంటారనీ మా వెంట వచ్చిన గైడు చెప్పాడు. సెల్‌ఫోనులో ఆ బొమ్మ చూపించాడు. వంగిన నడుము, ముడతల మొహం, చేతిలో కడవ. మా వారు చాలాసేపు చూశారు. "ఎవరిలాగో వుందే!" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మూడోరోజు తెల్లవారకముందే లేచి, ఓడలో ముప్పావు గంట ప్రయాణించి అవతలి గట్టు చేరి, అక్కడినుంచి బస్సులో చిచెన్ ఇట్సా వెళ్ళాము. దారి పొడుగునా నాకొక్కటే వింత. ఒక వాగు లేదు, వంక లేదు, వంతెన లేదు. కంటికి ఆనినంత దూరం పొట్టి అడవి.

"ఇక్కడ నదులు లేవమ్మా" అన్నాడు గైడు. నేలంతా సున్నపురాయి. కురిసిన వాన కురిసినట్టే రాతి సందుల్లోంచి కిందికి దిగిపోతుంది. లోపల గుహలు తొలుచుకుని పారుతుంది. ఎక్కడైనా గుహ పైకప్పు కూలితే పెద్ద బావిలాగా తెరుచుకుంటుంది. దాన్ని సెనోటే అంటారు. అలాంటివి వేలు. ఆ బావుల దగ్గరే వూళ్ళు వెలిశాయి. చిచెన్ ఇట్సా అనే మాటకు అర్థమే "ఇట్సా వారి బావి ఒడ్డు" అని.

అక్కడి పిరమిడు నూరడుగుల ఎత్తు. నాలుగు వైపులా తొంభై ఒక్కటేసి మెట్లు, పైన ఒకటి, కలిపితే 365. ఏడాదికెన్ని రోజులో అన్ని మెట్లు. ఇప్పుడు ఎక్కనివ్వరు. మా వారు లెక్కల మనిషి గనుక దాని చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేశారు. నేను మాత్రం గోడల మీద పొడుగు ముక్కుతో వున్న చాక్ అనే వానదేవుడి మొహాలు చూస్తూ నిలబడ్డాను. ఆయన కరుణ కోసం పెద్ద సెనోటేలో బంగారం, పచ్చరాళ్ళు, చివరకు మనుషులను కూడా పడేశారట. ఘోరమే. కానీ నీళ్ళకోసం ఆకాశం వైపు చూసే జాతి ఎంతకు తెగిస్తుందో మా వైపు వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం దగ్గర్లోనే వున్న ఇక్ కిల్ అనే సెనోటేకు తీసుకువెళ్ళారు. నేలమట్టం నుంచి ఎనభై అయిదడుగుల కింద నీళ్ళు. రాతిలో తొలిచిన మెట్లు. పైనుంచి చెట్ల వేళ్ళు ఊడల్లాగా నీటిదాకా వేలాడుతున్నాయి. దిగేముందు ప్రతివాళ్ళూ పైన స్నానం చేసి తీరాలి. ఒంటికి రాసుకున్న నూనెలూ, పూతలూ ఆ నీటికి అంటకూడదు. మన మడి కన్నా గట్టి మడి!

నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఎందుకో కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి.

నేను 1980లో కాపురానికి వచ్చాను. మా పెరటి బావి శివరాత్రికి అడుగంటేది. ఆ తరవాత వీధి చివర బోరింగే గతి. తెల్లవారుఝామున మూడింటికి బిందె వరసలో పెడితే ఐదింటికి నా వంతు. ఆ నీళ్ళు వాడకానికే, ఫ్లోరైడు నీళ్ళు. తాగే నీళ్ళకు ఇంకో దిక్కు పోవాలి. చంకన బిందె, చేతిలో బొక్కెన. రెండోవాడు కడుపులో ఎనిమిదో నెల దాకా మోశాను. మా వారు ఆరింటికి లేచి రెండు బిందెల వేణ్ణీళ్ళు హాయిగా పోసుకుని పలకల లెక్కలకు వెళ్ళేవారు. ఆయన చెడ్డవారని కాదు. ఒక్క మాట తిట్టి ఎరగరు. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయని అడగాలని ఆయనకు తోచలేదు, అంతే.

మా వారు వచ్చి పక్కన కూర్చున్నారు. "ఏమిటే, మోకాళ్ళు నొప్పా?"

"మన బావి తాడు జ్ఞాపకముందా మీకు?" అన్నాను. ఆ దారిలో తోటలు తోటలుగా కిత్తనార లాంటి మొక్కలు చూపించారు. హెనికెన్ అంటారు. మన రైలుకట్టల పక్కనుండే కిత్తనారకు దగ్గరి చుట్టం. దాని నారతో తాళ్ళు పేని ఒకప్పుడు దేశదేశాలకు అమ్మారట. మా ఇంట్లో చేంతాడూ కిత్తనారదే. అది ఒరిసి ఒరిసి నా అరచేతిలో కాయ కాసింది, ఇప్పటికీ వుంది. చెయ్యి చాపి చూపించాను.

ఆయన రాయిని తట్టినట్టే ఆ కాయను వేలితో తట్టి చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఆ నీళ్ళు ఎక్కడివని నేనెప్పుడూ అడగలేదు గదూ?" అన్నారు.

అంతే. క్షమాపణలూ, కన్నీళ్ళూ సినిమాల్లో. లేచేటప్పుడు మాత్రం నా చేతిసంచీ, నీళ్ళ సీసా ఆయన అందుకున్నారు. ఎనభై అయిదడుగులూ ముందుగా ఎక్కుతూ ప్రతి మలుపులోనూ నాకోసం ఆగారు.

మిగతా రెండు రోజులూ దీవిలో ఏం చేశామంటే, ఏమీ చెయ్యలేదు. ఒడ్డున కుర్చీలు వేసుకుని కూర్చున్నాము. అంత సముద్రం ఎదురుగా వున్నా హోటలులో తాగే నీళ్ళు సీసాల్లో ఇస్తారు, కుళాయి నీళ్ళు తాగవద్దంటారు. "మన వూళ్ళో క్యాను నీళ్ళలాగే" అని ఇద్దరం నవ్వుకున్నాము. ఏ పనీ లేకుండా పక్కపక్కన కూర్చోవడం మొదటిరోజు ఇబ్బందిగా వుంటుంది. రెండోరోజుకు బాగుంటుంది.

మార్కాపురం తిరిగివచ్చిన వారానికి మా వీధిలోకి ట్యాంకరు వచ్చింది. హారను వినగానే నేను లేవబోయాను. అప్పటికే మా వారు పంచె ఎగగట్టి, రెండు బిందెలు పుచ్చుకుని గేటు దాటారు. ఎదురింటి పిన్నిగారు ముక్కున వేలేసుకున్నారు. "అమెరికా వెళ్ళొచ్చాక అన్నయ్యగారికి ఏమయిందమ్మా?" అన్నారు. "అమెరికా కాదు పిన్నిగారూ, మెక్సికో" అన్నాను.

ఆ ఆదివారం ఆయనే, "కంభం చెరువు చూసొద్దామా, మనమిద్దరమే?" అన్నారు. నవ్వొచ్చింది. గిద్దలూరులో చుట్టాల పెళ్ళిళ్ళకు కంభం మీదుగా ఎన్నిసార్లు వెళ్ళామో, ఒక్కసారీ దిగి కట్టెక్కలేదు. శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. రెండు కొండల నడుమ కట్ట వేసి గుండ్లకమ్మ నీళ్ళను నిలిపారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దానిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. నాలుగైదు వందల ఏళ్ళ కిందట, నీళ్ళు ఎక్కడినుంచి రావాలని ఎవరో ఒక ఆడది అడిగిందన్నమాట! మా వైపు వెలిగొండకు శంకుస్థాపన 1996లో జరిగింది. ఆ నీళ్ళ కోసం పిల్లల తల్లులుగా ఎదురుచూపులు మొదలెట్టినవాళ్ళం అమ్మమ్మలం, నాయనమ్మలం అయ్యాము.

కట్టమీద పులిహోర పొట్లం విప్పాము. చెరువు నిండుకుండ కాదు గానీ, కళ్ళు నిండేటన్ని నీళ్ళున్నాయి. మా వారు కట్టరాయిని తట్టబోయి, ఎందుకో మానుకుని, నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు.

మీకు దీవులకు వెళ్ళే వీలుంటే తప్పక వెళ్ళండి, బాగుంటుంది. వీలు లేకపోతే గంట ప్రయాణంలో వున్న చెరువుకైనా వెళ్ళండి. ఎక్కడికైనా సరే, ఇద్దరే వెళ్ళండి. సంచీ మాత్రం ఆయన చేతికివ్వండి.

వచ్చేవారం ఊరగాయలు.