మైనస్ గుర్తు సంగతి కూడా చెప్పండి

సూర్యుడి మీద ఏదైనా పేలిందంటే చాలు, న్యూస్ ఛానెళ్లలో ఒకటే హడావిడి. భూమి వైపు దూసుకొస్తున్న సౌర తుఫాను! సెల్‌ఫోన్లు మూగబోతాయా? రెండ్రోజులు గడుస్తాయి, ఏమీ కాదు, అందరం మర్చిపోతాం. నా కంప్లైంట్ ఏంటంటే, వీళ్లు స్పీడ్ చెప్తారు, సైజు చెప్తారు, దిక్కు ఊసు మాత్రం ఎత్తరు.

సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే సౌరగాలి తనతోపాటు అయస్కాంత క్షేత్రాన్ని కూడా మోసుకొస్తుంది. భూమికీ ఒక క్షేత్రం ఉంది కదా, సూర్యుడికి ఎదురుగా ఉన్న అంచు దగ్గర అది ఉత్తరం వైపు చూస్తుంటుంది. వచ్చేది కూడా ఉత్తరం వైపే ఉంటే చాలావరకు పక్కనుంచి జారిపోతుంది. దక్షిణం వైపు ఉంటే మాత్రం రెండు క్షేత్రాల గీతలూ తెగి, ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఇక తలుపు తెరిచినట్టే. లోపలికొచ్చిన శక్తి ధ్రువాల దగ్గర పై వాతావరణంలో కరెంటుగా పారి అక్కడి గాలిని వేడెక్కిస్తుంది. ఆ గాలి పాలపొంగులా పైకి లేస్తుంది. ఈ దిక్కుని సైంటిస్టులు బీజెడ్ అనే నంబర్‌తో చెప్తారు. ప్లస్ అయితే ఉత్తరం, మైనస్ అయితే దక్షిణం. ఒక్క సైన్ మారితే ఏమవుతుందో కోడ్ రాసేవాళ్లకి వేరే చెప్పాలా!

2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ శాటిలైట్లని పంపింది. వాటి కక్ష్య భూమికి 210 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. మర్నాడు వచ్చింది పెద్ద తుఫానేం కాదు. అయినా ఆ ఎత్తులో గాలి ఒరిపిడి అంతకుముందు ప్రయోగాలతో పోలిస్తే 50 శాతం దాకా పెరిగింది. దాదాపు 40 శాటిలైట్లు పైకి వెళ్లలేక, కిందికి దిగి కాలిపోయాయి.

ఛానెళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. తుఫాను బయల్దేరినప్పుడు స్పీడ్ కెమెరాలకి దొరుకుతుంది, దిక్కు దొరకదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్1 దగ్గరున్న మాగ్నెటోమీటర్లని దాటినప్పుడే అది గట్టిగా తెలుస్తుంది. అక్కడి నుంచి మనకి మిగిలేది గంట, మరీ వేగంగా వస్తే అరగంట. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 కూడా అక్కడే ఉండి ఇదే కొలుస్తోంది. దాని డేటాని ఇస్రో అందరికీ ఇస్తోంది. లాంచ్ రోజు స్టేటస్‌లు పెట్టిన మనం మినీ ప్రాజెక్ట్ అనగానే మళ్లీ ఆ ఇళ్ల ధరల ప్రిడిక్షనే చేస్తాం! సైన్‌ని ఒక రోజు ముందే నమ్మకంగా చెప్పగలిగే మోడల్ ఇంకా ఎవరి దగ్గరా లేదు.

అది వచ్చేదాకా ఛానెళ్లు ఆ ఎర్రక్షరాల స్క్రోలింగ్‌లో "దిక్కు ఇంకా తెలియదు" అని ఒక్క లైను వేస్తే చాలు.