చక్రము నిలిచిన తీరు, కారు నడిచిన తీరు

వేగముగా పరుగెత్తు కారును భూమికి అంటిపెట్టి ఉంచునది ఏది? ఇంజను కాదు, బ్రేకులును కావు. నాలుగు టైర్లు నేలను తాకుచోట గల నాలుగు రబ్బరు తావులు మాత్రమే. ఒక్కొక్కటి ఇంచుమించు మన అరచేతి అంత ఉండును. మలుపు తిరుగుటకు, ఆగుటకు, వర్షములో జారక నిలుచుటకు కారునకు గల ఆధారమంతయు ఆ నాలుగు అరచేతులే. అవి నేలపై సమముగా ఆనుచున్నవా, లేక ఒక అంచుమీదనే ఆనుచున్నవా అను దానిని నిర్ణయించునది చక్రముల అమరిక. దీనినే మనము వీల్ అలైన్‌మెంట్ అని వాడుచున్నాము.

సామాన్యమైన కారులో ఈ అమరిక చెడినచో ముందుగా నష్టపోవునది జేబు. స్పోర్ట్స్ కారులో ఆ నష్టమునకు తోడు ప్రమాదము కూడ పొంచి ఉండును.

ఒక చిన్న కారు

జపాను దేశపు మాజ్దా కంపెనీ 1989లో ఎం.ఎక్స్.-5 అను రెండు సీట్ల తేలికపాటి కారును లోకమునకు చూపెను. అమెరికాలో దీనికి మియాటా అని పేరు. గుర్రము, రౌతు ఒక్కటియైనట్లు కారు, నడుపువాడు ఒక్కటి కావలెనని దాని నిర్మాతల ఆశయము. 2016 ఏప్రిల్‌లో ఈ కార్ల ఉత్పత్తి పది లక్షలకు చేరెను. దీని శక్తి గొప్పది కాదు. మలుపులలో దీని నడకయే గొప్పది.

ఆ నడకకు ఒక కారణము చక్రముల క్రింద కలదు. తొలి తరపు మియాటాలో ప్రతి చక్రమును పైన ఒకటి, క్రింద ఒకటిగా రెండు చేతులు పట్టి ఉంచును. క్రింది చేతుల మొదట నడిమికి కాక ప్రక్కకు జరిగిన ఇరుసు గల బోల్టులు ఉండును. వానిని కొద్దిగా త్రిప్పినచో చేయి లోపలికో వెలుపలికో జరుగును. చక్రపు వాలు మారును. ఇట్లు నాలుగు చక్రములను కోరినట్లు దిద్దుకొను వీలు అన్ని కార్లకు లేదు.

మూడు కోణములు

మొదటిది క్యాంబర్. కారునకు ఎదురుగా నిలిచి చూచినపుడు చక్రపు తల లోపలికి వాలి ఉన్నచో దానిని నెగటివ్ క్యాంబర్ అందురు. మలుపులో కారు వెలుపలి ప్రక్కకు ఒరుగును; చక్రము కూడ దానితోపాటు ఒరిగి టైరు వెలుపలి అంచుపై నిలబడజూచును. ముందే కొంత లోపలికి వాల్చి ఉంచినచో సరిగా ఆ క్షణముననే టైరు నేలపై చదునుగా ఆనును. అందువలన పందెపు బాటపై నడుపువారు రెండున్నర, మూడు డిగ్రీల వరకు వాల్చుదురు. కాని తిన్నని రోడ్డుపై ఆ వాలు బరువును లోపలి అంచుపై వేయును. నిత్యము రోడ్డుపై తిరుగు కారునకు సామాన్యముగా ఒక డిగ్రీ చుట్టుప్రక్కల చాలును.

రెండవది క్యాస్టర్. సైకిలు ముందు ఫోర్కు ఏటవాలుగా వెనుకకు వంగి ఉండుట అందరును చూచినదే. కారు ముందు చక్రములు తిరుగు అక్షము కూడ అట్లే వంగి ఉండును. మలుపు ముగిసిన పిదప స్టీరింగు తనంతట తాను నడిమికి వచ్చుట దీని చలువయే. దీనివలన టైరు అరుగుట స్వల్పము.

మూడవది టో. పైనుండి చూచినపుడు రెండు చక్రముల ముందుభాగములు ఒకదానివైపు ఒకటి మొగ్గి ఉన్నచో టో-ఇన్, విడిపోయి ఉన్నచో టో-అవుట్. కంటికి కనిపించని ఈ కోణమే టైరును అన్నిటికంటె ఎక్కువగా తినివేయును. లెక్క చూడుడు: దాదాపు 580 మిల్లీమీటర్ల వ్యాసము గల టైర్ల జతలో ముందు వెనుకల దూరములకు 3 మిల్లీమీటర్ల తేడా ఉన్నదనుకొందము. అపుడు చక్రము చూచు దిక్కునకు, కారు పోవు దిక్కునకు గల ఎడము కిలోమీటరుకు సుమారు రెండున్నర మీటర్లు. అనగా వేయి కిలోమీటర్ల ప్రయాణములో రెండున్నర కిలోమీటర్ల దూరము టైరును అడ్డముగా ఈడ్చినట్లు! లోపలి అంచు అరిగినపుడు చాలమంది నెగటివ్ క్యాంబరును నిందింతురు. తరచు అసలు దోషి టో. క్యాంబరు దానికి తోడు దొంగ.

ప్రమాదము ఎక్కడ?

ముందు చక్రములకు కొద్దిపాటి టో-అవుట్ ఇచ్చినచో కారు మలుపులోనికి చురుకుగా దూరును. కాని తిన్నని రోడ్డుపై కుదురుగా ఉండదు. వెనుక చక్రముల సంగతి వేరు. మలుపులో బరువంతయు వెలుపలి చక్రముపై పడును. వెనుక ఉన్న ఆ చక్రము వెలుపలికి చూచుచున్నచో కారు తోకను తనవైపు లాగుకొనిపోవును. తడిరోడ్డుపై నడుపువాడు ఉలికిపడి యాక్సిలరేటరు వదలిన క్షణముననే కారు గిర్రున తిరిగిపోవచ్చును. కావుననే వెనుక చక్రములకు స్వల్పముగా టో-ఇన్ ఉంచుదురు.

అందము కొరకు స్ప్రింగులు మార్చి కారును నేలకు దించువారు ఈ మాట మరువరాదు. ఎత్తు మారినచో క్యాంబరు, టో రెండును మారును. టైరు వెలుపలినుండి క్రొత్తదివలె కనిపించుచుండగా, లోపలి అంచున రబ్బరు తరిగి దారములు బయటపడి ఉండవచ్చును. వేగములో అట్టి టైరు పగిలినచో ఫలితము చెప్పనక్కరలేదు.

దిద్దు క్రమము

పనికి ఒక వరుస కలదు. ముందుగా టైర్లలో గాలి సరిచూడవలెను. కీళ్లు, రబ్బరు బుష్‌లు వదులైనచో వానిని మార్చవలెను. వదులైన కీలుపై చేసిన కొలత నీటిమీది వ్రాత. శ్రద్ధగలవారు నడుపువాని సీటులో అతని బరువుకు సమానమైన బరువును కూడ ఉంచుదురు. వెనుక చక్రములను ముందు దిద్ది, పిదప ముందు చక్రములకు రావలెను. ఏలయన వెనుక చక్రములు చూచు దిక్కును బట్టియే కారు తిన్నగా నడచును. ప్రతి చోటను క్యాంబరు, క్యాస్టరు మొదట, టో చివర. క్యాంబరు మార్చినచో టో తప్పక కదలును కదా!

మన అరచేయియే సాధనము

పెక్కు చిన్న కార్లలో యజమాని దిద్దించుకొనగలిగినది ముందు చక్రముల టో ఒక్కటియే. అయినను అది చాల ముఖ్యము. పెద్ద గోతిలో చక్రము పడినపుడును, స్టీరింగు కడ్డీలు మార్చినపుడును దానిని సరిచూపించుకొనవలెను. అంతవరకు నెలకొకసారి, కారు ఆగి ఉండగా, టైరు ముఖముపై అరచేతిని అడ్డముగా ఇటునుండి అటు, అటునుండి ఇటు నెమ్మదిగా పోనీయుడు. ఒకవైపు నునుపుగా జారి, మరల వచ్చునపుడు రంపపు పండ్లవలె గరుకుగా తగిలినచో టో చెడినదని అర్థము. లోపలి అంచును కూడ తడిమి చూడుడు. కంటికి అందనిది చేతికి అందును.

ఏ కోణమును ఉచితముగా పట్టునివ్వదు. మలుపులో పొందినదానికి తిన్నని రోడ్డుపై మూల్యము చెల్లించవలెను. తన కారు ఏ రోడ్డుపై ఎక్కువ తిరుగునో ఎరిగి, దానికి తగినట్లు దిద్దించుకొనువాడే వివేకి. పందెగాని కొలతలను చూచి నిత్యమును బజారునకు పోవు కారునకు పెట్టుట, ఇతరుని కండ్లద్దములు మనము ధరించుట వంటిది.