ఖాళీ జాగాకూ వ్యాకరణం కావాలి



"పని చేసే కోడు వ్రాసి పంపితే, పంక్తి ఎనభై అక్షరాలు దాటిందని తిప్పి పంపుతారా? ఇది సాఫ్టువేరా, శతావధానమా?" స్వేచ్ఛా సాఫ్టువేరుకు చేయి కలపబోయి భంగపడిన యువకులు తరచుగా అనే మాట ఇది. ప్రక్కనున్న మరొకరు, "పండితుల చాదస్తం కంప్యూటర్లలోకి కూడా ప్రాకిందన్నమాట" అని అందుకుంటారు. ఆ రెండవ మాట నన్ను కదిపింది. నేను తెలుగు పండితుణ్ణి. నందికొండ పరిసరాల్లో బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ తరువాత సాఫ్టువేరు సందేశాలను తెలుగు చేసే పనిలో పడ్డాను. కోడు వ్రాయడం నా పని కాదు గాని, చదవడం కొంత పట్టుబడింది. కనుక ఈ తగవులో ఉభయ పక్షాలతోనూ నాకు చుట్టరికం ఉంది. నా పక్షం ముందే చెప్పేస్తాను: శైలి నియమాలు ఉండి తీరాలి, నలుగురితో కలిసి వ్రాయదలచినవాడు వాటిని పాటించి తీరాలి.

చాదస్తం అన్నవారు వెంటనే గిడుగు రామమూర్తి గారిని సాక్ష్యానికి పిలుస్తారు. నిరభ్యంతరంగా పిలవండి, ఆయన నా తరఫు సాక్షి. గిడుగు వారు భాషకు నియమమే వద్దన్నారని ఎవరు చెప్పారు? ఆయన చేసిన పని ఏమిటి? గ్రాంథికాన్ని శాసించిన పండితుల వ్రాతలలోనే ఆ శాసనానికి విరుద్ధమైన ప్రయోగాలను ఏరి చూపడం. విధించేవాడే పాటించలేని విధి చెల్లదన్నది ఆయన వాదంలోని పట్టు. నేటి కోడు నియమాలు ఆ పరీక్షకు నిలుస్తాయి. గో భాష 2009లో లోకానికి వెల్లడైనప్పటి నుండి దానితో పాటు 'గోఫ్‌మ్ట్' అనే పనిముట్టు ఉంది. ఎవరు ఎలా వ్రాసినా అది ఒక్క తీరున సర్ది పెడుతుంది. శాసించినవాడికీ పాటించేవాడికీ అక్కడ భేదం లేదు. గిడుగు వారి కాలంలో గ్రాంథికానికి అటువంటి యంత్రమే ఉండి ఉంటే ఆ వాదం మరొక దారి పట్టేదేమో!

మరొక అపోహ కూడా ఉంది. నియమం అంటే సత్యం అనుకోవడం. లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన లినక్సు కెర్నెలు శైలి పత్రం అంచు ఎనిమిది జాగాల లోపలికి జరగాలంటుంది. గ్నూ ప్రమాణాలు రెండు చాలంటాయి. పైథాను వారి 'పెప్ 8' (2001) నాలుగంటుంది. కెర్నెలు పత్రమైతే గ్నూ ప్రమాణాలను అచ్చు తీసి చదవకుండా తగులబెట్టమని పరిహాసమాడుతూ మొదలవుతుంది (పండితుల వాగ్వాదాలు మొరటువని ఎవరన్నారు?). మూడింటిలో ఏది నిజం? ఏదీ కాదు. అవి సంకేతాలు. రోడ్డుకు ఎడమ ప్రక్కన నడవడంలో సత్యమేమీ లేదు. అందరూ ఎడమనే నడుస్తారన్న నమ్మకంలో మాత్రం ప్రాణరక్షణ ఉంది. పెప్ 8 ఇంకొక అడుగు ముందుకు వేసి, మొత్తం భాషకు చెప్పిన నియమం కన్న ఒక ప్రాజెక్టులోని ఏకరూపత, దానికన్న ఒక చిన్న భాగంలోని ఏకరూపత ఎక్కువ ముఖ్యమంటుంది. విశేషవిధి సామాన్యవిధిని బాధిస్తుందని మనం చదువుకున్న సంగతే కదా. చిన్నయసూరి కూడా 'బహుళము' అనే మాట ఊరికే వాడలేదు.

సరే, ఖాళీ జాగాల మీద ఇంత పట్టుదల ఎందుకు? దీనికి జవాబు తాళపత్రాలతో పరిచయం ఉన్నవారికి త్వరగా అందుతుంది. బ్రౌను దొర కడపలో పండితులను కుదుర్చుకొని ఒకే కావ్యపు ప్రతులు అనేకం ప్రక్కప్రక్కన పెట్టించి పాఠాంతరాలు గుర్తింపజేశాడు. నేడు గిట్ (2005) చేస్తున్న పని కూడా స్థూలంగా అదే: నిన్నటి ప్రతికీ నేటి ప్రతికీ గల పాఠాంతరాలను పంక్తి పంక్తిగా చూపడం. ఆ పంక్తి ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో కూడా చెబుతుంది. ఇక ఒక ఉత్సాహవంతుడు ఒక్క తప్పు దిద్దుతూ, పనిలో పనిగా తన ఎడిటరుకు నచ్చిన తీరున ఫైలు అంతటా ట్యాబులను ఖాళీలుగా మార్చి పంపాడనుకోండి. యంత్రానికి రెండు వేల పంక్తులు మారినట్లే. అసలు దిద్దుబాటు ఆ రెండు వేల దొంగ పాఠాంతరాల నడుమ ఎక్కడో దాగి ఉంటుంది. పరిశీలించేవాడు దాన్ని వెదకాలి. వెదికే ఓపిక లేనివాడు కళ్ళు మూసుకొని చేర్చుకుంటాడు. ఏడాది తరువాత ఆ ఫైలులో ఏ పంక్తి ఎవరిదని అడిగినా గిట్ ఈయన పేరే చెబుతుంది. వ్రాయసకాడు కావ్యం మొత్తం తిరిగి వ్రాసి తన పేరు చేర్చుకున్నట్లన్నమాట. అందుకే సర్దుబాటు వేరు, దిద్దుబాటు వేరు, రెండూ ఒకే ప్యాచిలో పంపరాదన్న నియమం. ఇందులో చాదస్తం ఎక్కడుందో నాకు కనబడలేదు.

కంటికి కనబడే అమరిక ఒకటీ, యంత్రం గ్రహించే అర్థం మరొకటీ అయితే ఏమవుతుందో 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ వారి కోడులో లోకమంతా చూసింది. 'గోటూ ఫెయిల్' అనే పంక్తి పొరపాటున రెండుసార్లు పడింది. రెండవది కూడా పై షరతుకు లోబడినట్లే లోపలికి జరిగి కూర్చుంది. కానీ సి భాషకు జరగడంతో పని లేదు. కుండలీకరణాలు లేవు గనుక ఆ రెండవ పంక్తి షరతుతో నిమిత్తం లేకుండా ప్రతిసారీ అమలయింది. అవతలి సర్వరు సంతకాన్ని సరిచూసే తంతు దాటిపోయింది. ఐఫోన్లూ మ్యాకులూ సురక్షితమనుకున్న సంభాషణలు నడిమి దొంగకు తెరచి పెట్టినట్లయింది. మనకిది అన్వయదోషం: విశేషణం ఒకదాని ప్రక్కన నిలబడి మరొకదానితో పోవడం. 2016లో వచ్చిన జీసీసీ 6 ఇటువంటి మోసపు అమరికను పసిగట్టి హెచ్చరించడం నేర్చింది.

ఇంతవరకు చెప్పినది అందరికీ సంబంధించినది. ఇక మన ఇంటి సంగతి. ఇది కొంచెం పెద్దది.

సాఫ్టువేరు తెలుగు మాట్లాడాలంటే తొలి అడ్డంకి అనువాదకుడి దగ్గర ఉండదు. కోడు వ్రాసినవాడి దగ్గర ఉంటుంది. వాక్యాన్ని ముక్కలు చేసి అతికించవద్దు, పూర్తి వాక్యాన్నే అనువాదానికి ఇవ్వండి అని గ్నూ గెట్‌టెక్స్ట్ గ్రంథం స్పష్టంగా చెబుతుంది. ఇదీ శైలి నియమమే. ఇంగ్లీషువాడికి దీని అవసరం తోచదు. వాడి నామవాచకం ఎక్కడ కూర్చున్నా మారదు. మన నామవాచకం విభక్తి తగలగానే రూపు మారుస్తుంది. 'చెట్టు' చెట్టును అవుతుంది, సరే. 'పుస్తకం' పుస్తకాన్ని, 'ఇల్లు' ఇంటిని, 'రాముడు' రాముణ్ణి. ఒక పేరు, దాని వెనుక అతికించిన 'ను', దాని వెనుక 'తొలగించాలా?' అని మూడు ముక్కలుగా కోడు వ్రాస్తే, తెలుగువాడికి తెర మీద "పుస్తకంను తొలగించాలా?" అని దర్శనమిస్తుంది. బడిలో పిల్లవాడు వ్రాస్తే ఎర్ర సిరా పడే ఆ వాక్యాన్ని రోజూ కొన్ని లక్షల కళ్ళు చదువుతున్నాయి. పూర్తి వాక్యం చేతికిస్తే అనువాదకుడికి ఉపాయాలున్నాయి. "'పుస్తకం' అనే దస్త్రాన్ని తొలగించాలా?" అంటాడు. ఆ 'అనే' మీద విభక్తి భారమంతా దిగిపోతుంది.

పదక్రమం మరొక చిక్కు. పుటల లెక్క చెప్పేటప్పుడు ఇంగ్లీషులో మొదట ఉన్న పుట, తరువాత మొత్తం వస్తాయి. మనం "5 పుటల్లో 2వది" అంటాం, మొత్తమే ముందు. అంకెలు కూర్చునే చోట్లకు వరుస సంఖ్యలు ఇవ్వకపోతే, వాక్యం తిరగవేయగానే "2 పుటల్లో 5వది" అని తయారవుతుంది. రెండూ అంకెలే కనుక యంత్రమూ తప్పు పట్టదు. బహువచనానికి చివర ఒక అక్షరం తగిలిస్తే చాలుననుకునే కోడు సంగతి చెప్పనే అక్కరలేదు. 'ఫైలు' ఫైళ్ళు కావాలి, 'దస్త్రం' దస్త్రాలు కావాలి. దీనికి గెట్‌టెక్స్టులో ప్రత్యేకమైన ఏర్పాటే ఉంది. వాడనివాడిదే లోపం. కనుక తెలుగు తెలిసి కోడు వ్రాసే మిత్రులు శైలి నియమాలను విసుక్కోవడం తమ కాలికి తామే సంకెల వేసుకోవడం. ప్రపంచంలో ఏ మూల ఎవరు వ్రాసిన ప్రోగ్రామయినా మన నోట శుద్ధంగా పలకాలంటే వాడు ఆ నియమం పాటించి ఉండాలి.

కంటికి కనబడని అక్షరాల సంగతి ఇంకా ఉంది. ట్యాబుకూ ఖాళీలకూ తేడా కనబడదని నవ్వుతారే, మనకూ అటువంటి మాయాక్షరం ఉంది: యూనికోడులో 200సి స్థానంలోని, వెడల్పు లేని విడదీత గుర్తు. 'బ్లాగ్' అని వ్రాసి దాని చివర ఆ గుర్తు పెట్టినా పెట్టకపోయినా చూపుకు ఒక్కటే, వెదుకులాటకు మాత్రం రెండు వేరు పదాలు. ఐత్వాన్ని ఒక్క సంకేతంగానూ వ్రాయవచ్చు, ఎత్వమూ ఐత్వపు కొసా అని రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చు. తెర మీద తేడా లేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం చూపబోయి ఐఫోన్లు కుప్పకూలినప్పుడు లోకం తెలుగును చూసి నవ్వింది. ఆ వరుసలోనూ ఈ కనబడని గుర్తు ఉంది. తప్పు తెలుగుది కాదు. తరువాతి దిద్దుబాటు విడుదలలో ఆపిల్ వారే సరిచేసుకున్నారు. ఇటువంటి విషయాల్లో ప్రాజెక్టుకు ఒక కట్టు ఉండాలి. నన్నడిగితే అన్యదేశ్యాలను అజంతం చేయడమే సులువైన మందు: బ్లాగు, ఫైలు, సర్వరు. పొల్లూ ఉండదు, దాని ప్రక్కన మాయాక్షరమూ ఉండదు, విభక్తి కూడా హాయిగా అతుకుతుంది.

మర్యాద విషయం మరొకటి. బొత్తాము మీద 'భద్రపరచు' అనాలా, 'భద్రపరచండి' అనాలా? కొందరు మిత్రులు ఏకవచనం చూసి నొచ్చుకుంటారు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడండి. బొత్తాము నొక్కేది మనిషి, ఆజ్ఞ వెళ్ళేది యంత్రానికి. దానికి 'భద్రపరచు' చాలు. "మీ పేరు ఇవ్వండి" అన్నప్పుడు యంత్రం మనిషిని అడుగుతోంది. అక్కడ బహువచనం తప్పనిసరి. ఈ ఒక్క వాక్యం ముందుగా వ్రాసి పెట్టుకోని అనువాదాల్లో ఒకే కిటికీలో యంత్రం ఒకసారి మనల్ని 'నువ్వు' అంటుంది, ఒకసారి 'మీరు' అంటుంది.

ఇక కోడులో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చునా? పైథాను 3 (2008) వచ్చినప్పటి నుండి 'మొత్తం' అనే చలరాశి చక్కగా పని చేస్తుంది. భాషాభిమానులు ఇది చూసి పొంగిపోతారు. నేనూ పొంగాను. అయినా పది దేశాలవారు చదివే ప్రాజెక్టులో అది తగదంటాను. పెప్ 8 వ్యాఖ్యలు కూడా ఇంగ్లీషులోనే వ్రాయమంటుంది, చదివేవారందరికీ మన భాష వచ్చునని నూటికి నూట ఇరవై పాళ్ళు నమ్మకం ఉంటే తప్ప. ఆ అదనపు ఇరవై పాళ్ళు నాకు బాగా నచ్చాయి. మన బడిపిల్లలకు నేర్పే ప్రోగ్రాముల్లో మాత్రం తెలుగే పెట్టండి, అక్కడ నూట ఇరవై ఖాయం.

అయితే ఎనభై అక్షరాల నియమం పెట్టినవారిని నేనూ ఒక ప్రశ్న అడుగుతాను. అక్షరం అంటే ఏది? 'లక్ష్మి' మనకు రెండక్షరాలు. యూనికోడులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి వెరసి ఏడు. యూటీఎఫ్-8లో 21 బైట్లు. బైట్లు లెక్కపెట్టే పనిముట్టు తెలుగు వాక్యాన్ని ఎప్పుడూ దోషిగానే నిలబెడుతుంది. కెర్నెలు వారే 2020లో తమ తనిఖీ పనిముట్టులో ఎనభైని నూటికి సడలించారు. నియమం మారకూడనిది కాదు. మార్చమని అడిగే చోట అడిగి, మారేవరకు పాటించాలి.

నేనుండే ఈ ఊళ్ళో 1955లో శంకుస్థాపన జరిగిన ఆనకట్ట రాతితో కట్టినది. ఎక్కడెక్కడి నుండో వచ్చిన వేలమంది చేతులు వేశాయి. ఎవరి ఊళ్ళో గోడ కట్టే తీరు వారికి ఉండే ఉంటుంది. ఇక్కడ మాత్రం అందరికీ దారమూ గుండూ ఒక్కటే. దారం తప్పిన రాయిని తీయించిన మేస్త్రీ ఆ కూలీని పనిలోంచి తీసివేయలేదు.

ఈ చివరి ముక్క ప్రాజెక్టులు నడిపేవారికి. కొత్తవాడి తొలి ప్యాచిని ఖాళీ జాగా సాకుతో ఒక్క ముక్కలో త్రోసిపుచ్చే పెద్దలున్నారు. నియమం ఎక్కడ వ్రాసి ఉందో చెప్పరు, ఎందుకో చెప్పరు. అది శైలి కాదు, పెత్తనం. యంత్రం సర్దగలిగినదాన్ని యంత్రానికి వదలండి. సర్దలేనిదాన్ని ఒక పుటలో, కారణంతో సహా, తెలుగులో వ్రాసి పెట్టండి. తొలిసారి వచ్చినవాడికి ఆ పుట చూపండి.

ఆ పుటలో 'ఫైలు' అని ఉండాలా, 'దస్త్రం' అని ఉండాలా అంటే నా ఓటు 'ఫైలు'కే. పండితుడివై ఉండి ఇదేమిటంటారా? దస్త్రం మాత్రం మన ఇంటి ఆడపడుచా, అదీ హిందూస్తానీ మీదుగా వచ్చినదే. అయినా తెలుగు వికీపీడియా 'దస్త్రం' అని స్థిరపరచుకుంది. అక్కడికి వెళ్ళినప్పుడు నేనూ దస్త్రమనే వ్రాస్తాను.