రిఫండ్ ఇవ్వడం వేరు, తలవంచడం వేరు

పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే చివర్లో తిట్టండి.

మన గ్రూపులో రెండు వారాలుగా ఒకటే గొడవ. సీతంపేట వైపు మన పొదుపు సంఘం అప్పలు ఒక యాప్‌లో తేనె అమ్ముతున్నారు. విజయవాడలో కొన్న ఒకావిడ, సీసా అడుగున తేనె గడ్డకట్టిందని ఫొటో పెట్టి, "ఇది పంచదార పాకం, మోసం, నా డబ్బు నాకిచ్చీండి" అంది. దీని మీద మనలో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒక పార్టీ ఏటంటోంది: "ఆరొందల కోసం గొడవెందుకు, కస్టమర్ దేవుడు, ఇచ్చీండి. లేకపోతే కొండోళ్ళు మోసగాళ్ళని పేరొస్తాది." రెండో పార్టీ: "బ్లాక్ చేసీండి. ఆవిడ నంబరు ఇక్కడ పెట్టండి, మేం మాట్లాడతాం." నా లెక్కలో ఇద్దరిదీ తప్పే. ఎందుకో చెప్తాను.

మొదటి పార్టీతో మొదలెడతాను, ఎందుకంటే అందులో మన సీనియర్లు ఎక్కువ మంది ఉన్నారు. అన్నా, మీ మాటలో ఉన్నది మంచితనం అని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం అందులో పాత భయం కనిపిస్తోంది. మన తాతలు చింతపండు, కరక్కాయ, తేనె మోసుకొని సంతకి దిగేవారు. కింద నుంచి వచ్చిన సావుకారి కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఇంకో కుంచం. తూకం తక్కువొచ్చిందని తెలిసినా మనోళ్ళు నోరెత్తేవారు కాదు. ఎత్తితే రేపు ఉప్పు అప్పివ్వడు, బట్ట అప్పివ్వడు. ఈ దళారుల బారి నుంచి గిరిజనుల్ని తప్పించాలనే 1956లో గిరిజన సహకార సంస్థని, అదే మన జీసీసీని పెట్టారు. అదొక్కటే సరిపోలేదు కాబట్టే ఈ కొండల్లో గిరిజన సంఘం లేచింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న ప్రాణాలు పోయాయి. వాళ్ళు అడిగినదేటి? చెమటకి లెక్క చెప్పమన్నారు, అంతే.

ఇప్పుడు సంత ఫోన్లోకి వచ్చింది. తక్కెడ మన కంటికి కనబడదు. అయినా మన అలవాటు మారలేదు. ఎవరో గట్టిగా అరిస్తే "ఇచ్చీండి, గొడవెందుకు" అంటున్నాం. ఆలోచించండి. రిటర్న్ కారణం దగ్గర "నకిలీ సరుకు" అని ఆవిడ రాస్తుంది. మనం ఒక్క ముక్క జవాబు రాయకుండా డబ్బు ఇచ్చీస్తాం. అప్పుడు మిగిలే కాగితం ఏటి చెప్తాది? మనోళ్ళు నకిలీ అమ్మి దొరికిపోయి డబ్బు కట్టారని చెప్తాది. పేరు కాపాడుకోవడానికని ఇచ్చిన డబ్బే పేరు తీసీస్తాది.

అసలు ఆ తేనెకి ఏమైందో చూద్దాం. తేనెలో ముఖ్యంగా రెండు చక్కెరలుంటాయి, గ్లూకోజు, ఫ్రక్టోజు. చలి తగిలితే గ్లూకోజు విడిపోయి పలుకులుగా గడ్డ కడతాది. చలికాలం కొండ మీద సీసా చూస్తే మన ఇళ్ళల్లో ముసలమ్మలకి కూడా తెలుసు ఈ సంగతి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా కడతాది. కోడెక్స్ అని ప్రపంచ దేశాలు కలిసి రాసుకున్న ఆహార ప్రమాణాలున్నాయి. తేనె పల్చగా ఉండొచ్చు, చిక్కగా ఉండొచ్చు, కొంతగానీ మొత్తంగానీ గడ్డకట్టి ఉండొచ్చు అని వాటిల్లోనే ఉంది. సీసాని గోరువెచ్చని నీళ్ళలో, 40 డిగ్రీలకి మించకుండా, కాసేపు ఉంచితే మళ్ళీ కరుగుతాది. నీళ్ళ గ్లాసులో చుక్క వెయ్యడం, వత్తికి రాసి అగ్గిపుల్ల గియ్యడం లాంటి వీడియో పరీక్షలు నమ్మకండి. చిక్కటి పంచదార పాకం కూడా గ్లాసు అడుక్కే దిగుతాది.

ఇంకో మాట. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు 13 బ్రాండ్ల తేనె పరీక్ష చేయించారు. జర్మనీ ల్యాబులో చేసిన పరీక్షతో కలిపి చూస్తే, అన్నిట్లోనూ నెగ్గినవి మూడే. మామూలు పరీక్షలకి దొరక్కుండా తయారు చేసిన పాకాలు కలుస్తున్నాయని వాళ్ళు చెప్పారు. అంటే షాపులో అద్దంలా మెరుస్తూ జారే తేనెని జనం కళ్ళు మూసుకొని కొంటున్నారు. కొండ తేనె గడ్డ కడితే మోసం అంటున్నారు. ఈ మాటకి ఎదురు చెప్పకుండా ఆరొందలు ఇచ్చీడం మంచితనం ఎలా అవుతాది అన్నా? ఆవిడకి నిజం చెప్పడం మంచితనం. ఆవిడకి తెలీదు, ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇప్పుడు రెండో పార్టీ తమ్ముళ్ళకి. మీ కోపం నాకు అర్థమవుతాది. కానీ బ్లాక్ చేసీడం అంటే పారిపోవడమే. చట్టం కూడా ఒప్పుకోదు. 2020 జూలైలో కేంద్రం వినియోగదారుల రక్షణ చట్టం కింద ఈ-కామర్స్ రూల్సు తెచ్చింది. యాప్‌లో అమ్మేవాళ్ళకి అందులో బాధ్యతలున్నాయి. సరుకు పాడైనదైనా, నకిలీదైనా, మనం పెట్టిన వివరాలకి తేడాగా ఉన్నా, చెప్పిన గడువు దాటి ఆలస్యంగా చేరినా, వెనక్కి తీసుకోననిగానీ డబ్బు తిరిగివ్వననిగానీ అనకూడదు. మన చేతిలో లేని విపత్తు వల్ల ఆలస్యమైతే అది వేరు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆవిడ 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు తీసుకుంటాది. అప్పుడు బ్లాక్ చేసినోళ్ళం మనం ఏ ముఖంతో మాట్లాడతాం?

ఇక ఆడమనిషి ఫోన్ నంబరు గ్రూపులో పెట్టీడం గురించి ఎక్కువ చెప్పను. మన చెల్లి నంబరు ఎవడో వెయ్యి మంది ఉన్న గ్రూపులో పెడితే మనం ఊరుకుంటామా? ఎవరైనా పెట్టుంటే ఇప్పుడే తీసీండి.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. గడ్డకట్టిన తేనె మంచిదే గానీ, నురుగొచ్చి పుల్లగా వాసనేసే తేనె మంచిది కాదు. తేమ ఎక్కువుంటే తేనె పులుస్తాది. మన దేశ ప్రమాణం ప్రకారం తేమ 20 శాతం మించకూడదు. పండని పట్టు పిండినా, వానలో తీసినా ఈ తేడా వస్తాది. అలాంటి సీసా వెళ్తే డబ్బు వెంటనే ఇవ్వాలి, సారీ కూడా చెప్పాలి. మూత కారిపోయినా, తూకం తక్కువున్నా అంతే. సావుకారి దొంగ కుంచాన్ని తిట్టినోళ్ళం మనం. మన తూకం పది గ్రాములు తగ్గినా ఆ మాట అనే హక్కు పోతాది.

మరి అసలు గొడవ ఎవరితో? కొన్నావిడతో కానే కాదు. మధ్యలో ఉన్న యాప్ రూల్సుతో. కొనేవాళ్ళకి ఒక బటన్ నొక్కితే చాలు, రిటర్న్ అయిపోతాది. అమ్మినోళ్ళు మాత్రం ఇంగ్లీషు ఫారం నింపాలి, ఫొటోలు పెట్టాలి, అదీ వాళ్ళు పెట్టిన కొద్ది రోజుల గడువులో. నిరుడు మా పిన్ని కిలో పసుపు పంపింది. రిటర్న్ వచ్చిన పొట్లంలో సగమే ఉంది. పార్సెల్ మండల కేంద్రంలో పడుండి పడుండి ఊరికి వచ్చేసరికే ఆ యాప్ గడువు అయిపోయింది. పేరు చెప్పను, ఏ యాప్ అయినా ఒక్కటే తీరు. గుట్ట ఎక్కితే గాని సిగ్నల్ రాని ఊరికీ, విజయవాడ అపార్ట్‌మెంటుకీ ఒకటే గడువు పెట్టడం న్యాయమా? సరుకు విలువ పోయింది, పోను కొరియర్ పోయింది, రాను కొరియర్ కూడా మన లెక్కలోంచే కోసీసారు. అది పిన్ని ఒక్కదాని డబ్బు కాదు, పొదుపు సంఘంలో పదిమంది డబ్బు. వచ్చే నెల కిస్తీ ఎవరు కడతారు?

2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారులు కూడా ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకొని, సొంత రాష్ట్రం లోపల ఈ యాప్‌లలో సరుకు అమ్ముకోవచ్చు. అంటే తలుపు తీశారు. లోపలికి వెళ్ళాక మన మాట వినే చోటు లేదు. 2020 రూల్సు కొనేవాళ్ళ కోసం రాసినవి. అమ్మే చిన్నోళ్ళ మొర వినడానికి కూడా అలాంటి గడువు పెట్టాలని మనం అడగాలి. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల్లో ఇంగ్లీషు ఫారం నింపడానికి, అప్పీలు రాయడానికి ఒక్క మనిషిని కూర్చోబెట్టమని అడగాలి. స్పందన లేదని ఊరుకోకూడదు, అర్జీ మీద అర్జీ పెట్టాలి.

అడుగుతూనే మన పని మనం చెయ్యాలి. నేను అనుకుంటున్నది ఇది.

సీసా మీదే రాయాలి: "కొండ తేనె. చలికి గడ్డ కడుతుంది, వేడి నీళ్ళలో సీసా పెడితే కరుగుతుంది." యాప్ వివరాల్లోనూ ఇదే పెట్టాలి, గడ్డకట్టిన సీసా ఫొటోతో సహా. ముందే చెప్పిన దాన్ని తర్వాత ఎవరూ మోసం అనలేరు. ప్యాకెట్ మీద నికర తూకం, ప్యాక్ చేసిన తేదీ, ధర, చిరునామా, ఫిర్యాదు నంబరు ఉండాలి. తినే సరుకు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇవి లేకుండా మనం న్యాయం మాట్లాడితే ఎవరూ వినరు.

పంపేటప్పుడు తూకం మీద సీసా పెట్టి, మూత బిగించి, పార్సెల్ మీద అడ్రసు అంటించేదాకా మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తియ్యాలి. రిటర్న్ వస్తే విప్పేటప్పుడు కూడా అంతే. సిగ్నల్ లేకపోయినా వీడియో తియ్యొచ్చు, ఫోన్లో ఉంటాది.

జవాబు ఫోన్లో అరుచుకోకుండా రాతలో ఇవ్వాలి. 48 గంటలు దాటనివ్వకూడదు. ఇలా రాస్తే చాలు: "నమస్కారం అమ్మా. మీరు పంపిన ఫొటో చూశాం. ఇది గడ్డకట్టిన తేనె, కల్తీ కాదు. గోరువెచ్చని నీళ్ళలో సీసా ఉంచి చూడండి. పులుపు వాసన గానీ, నురుగు గానీ ఉంటే వీడియో పంపండి, డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాం. అలా లేకపోయినా మీకు వద్దనుకుంటే, సీల్ తియ్యని సీసా వెనక్కి పంపండి, చేరగానే డబ్బు వేస్తాం." ఇందులో తిట్టు లేదు, బతిమాలడం లేదు. నచ్చకపోతే తీసుకుంటామన్నది చట్టం పెట్టిన నియమం కాదు, మనం పెట్టుకున్న మర్యాద. ఆ తేడా మనకి తెలిసుండాలి.

డబ్బు తిరిగి ఇచ్చేటప్పుడు ఏ దారిలో వచ్చిందో ఆ దారిలోనే పంపాలి. "పొరపాటున ఎక్కువ వేశాను, ఈ క్యూఆర్ కొట్టి వెనక్కి పంపండి" అని స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్ళుంటారు. బ్యాంకు ఖాతాలో డబ్బు పడిందో లేదో చూడకుండా పైసా పంపకండి. మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, ఎవరైనా పిన్ కొట్టమంటే అది దొంగతనమే. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

సీనియర్ అన్న ఒకాయన కామెంట్లో "చదువుకోడానికి వెళ్ళినోళ్ళకి ఈ తేనె గొడవలెందుకు, పరీక్షలు చూసుకోండి" అన్నారు. అన్నా, గౌరవంతోనే చెప్తున్నాను. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేనే. మా అమ్మకి ఆ యాప్‌లో వచ్చిన ఇంగ్లీషు మెసేజ్ చదవడం రాదు. హాస్టల్లో కూర్చొని నేను చదవకపోతే ఎవరు చదువుతారు? పట్టు తియ్యడానికి చెట్టెక్కినోళ్ళు వాళ్ళ పని చేశారు. చదివి, అర్థం చేసుకొని, జవాబు రాయడం మన పని. మన చదువు ఆ సీసా దాకా కూడా వెళ్ళకపోతే ఇంకెక్కడికి వెళ్తాది?

విజయవాడ ఆవిడకి పైన రాసిన జవాబు పంపమని సంఘం అప్పలకి చెప్పాను. ఆవిడ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. డబ్బు ఇవ్వాల్సొస్తే ఇద్దాం, తల పైకెత్తి, మన మాట రాతలో పెట్టీసి ఇద్దాం.

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, భద్రగిరి వైపు హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు, ఇంగ్లీషు ఫారం నింపగలిగినోళ్ళు ఒక్కో మండలానికి ఇద్దరు చొప్పున ముందుకి రండి. కింద కామెంట్లో మీ మండలం పేరు మాత్రమే రాయండి, నంబర్లు పెట్టకండి, అడ్మిన్ అన్న విడిగా మాట్లాడతారు. ఏ సంఘం అప్పకి రిటర్న్ నోటీసు వచ్చినా ఆ ఇద్దరికి ముందు తెలియాలి. అర్జీ నమూనా నేను రాసి పెడతాను, తప్పులుంటే దిద్దండి.

జై ఆదివాసీ.