మెలట్టూరులో తెలుగు రాత్రి

కూచిపూడి పేరు వినని తెలుగువాడు ఉండడు. మెలట్టూరు పేరు విన్నవారు మనలో ఎందరు? తంజావూరు జిల్లాలోని ఆ పల్లెలో ఏటా నరసింహ జయంతి వేళ వరదరాజ పెరుమాళ్ గుడి ఎదుట రాత్రంతా తెలుగు నాటకం ఆడతారు. పేరు 'ప్రహ్లాద చరిత్రము'. కర్త త్యాగయ్యకు సమకాలికుడైన మెలట్టూరు వెంకటరామశాస్త్రి. నాయకరాజుల కాలంలో అచ్యుతప్ప నాయకుడు తెలుగు కుటుంబాలకు ఇక్కడ ఇళ్ళూ భూములూ ఇచ్చి నిలిపాడని చెబుతారు.

లాలాగూడ రైల్వే కార్ఖానా దగ్గర పెరిగిన నాకు తమిళం పొరుగింటి భాష. ఆ చనువుతోనే ఒక వేసవిలో మెలట్టూరు వెళ్ళాను. ముందు కోణంగి వచ్చి నవ్వించాడు. తరువాత ఏనుగు మొగం తొడుక్కున్న పసివాడు వినాయకుడై ఆడాడు. స్త్రీ పాత్రలన్నీ మగవారివే. లీలావతి తన కొడుకు కోసం విలపిస్తుంటే నా పక్కనున్న తమిళ ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆమెకు కథ తెలుసు, మాట తెలియదు. మాట తెలిసిన నేను మొదటిసారి వింటున్నాను!

ఇటువంటి నాటకాన్ని మన నగరాల సభామందిరాలకు రప్పిస్తే చాలుననే వారున్నారు. నేను ఒప్పుకోను. అక్కడి నరసింహుని మొగం రంగాలంకరణ సామగ్రి కాదు. దానికి పూజలు జరుగుతాయి. దానిని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. జపాను నోహ్ నాటకంలోనూ ఇదే భావన కనిపిస్తుంది. 'ఒకినా' ఆడే నటుడు ముందుగా నియమంతో శుద్ధి పాటిస్తాడు, ముసుగును రంగస్థలం మీదే ధరిస్తాడు. నోహ్ రంగస్థలం వెనుక గోడపై చిత్రించే దేవదారువంటి చెట్టు నారా నగరంలోని కసుగా షింటో ఆలయపు చెట్టుకు ప్రతిరూపమని వారి సంప్రదాయం. అంటే నాటకం గుడిని వదిలి ఎంత దూరం పోయినా, గుడి చెట్టును వెంట తీసుకుపోయింది. మనం మెలట్టూరు నుండి వేషాలను తెచ్చుకోగలం, పాటలను తెచ్చుకోగలం. ఎదురుగా కూర్చున్న పెరుమాళ్ళను ఎలా తెచ్చుకుంటాం?

కాబట్టి రావలసింది నాటకం కాదు, వెళ్ళవలసింది మనమే. మాట అర్థం కాని ప్రేక్షకుల నడుమ ఇన్ని తరాలు నిలిచిన తెలుగుకు, అర్థమై తల ఊపేవారు పదిమంది దొరికితే ఆ నటులకు ఎంత బలం! అటు తమిళులు తమది కాని భాషను భక్తితో వింటున్నారు. మనది అయిన భాషను వినడానికి మనకు ఒక రాత్రి తీరిక లేదా?