ధర పూతనాడే తేలాలి

చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో ఏ ఊరి దారి పట్టినా ఇప్పుడు రెండు పక్కలా మామిడి తోటలే. ఒక తరం వెనక్కి వెళితే ఇదే నేలలో చెరకు మడులు, మెట్ట మీద వేరుశనగ. చలికాలం వస్తే బెల్లం పొయ్యిలు రగిలేవి. గానుగాడిన రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి, ఎండిన పిప్పినే పొయ్యిలోకి ఎగదోస్తూ, కాస్త సున్నం కలిపి, పైకి తేలిన మడ్డిని తీసేస్తూ గంటల తరబడి కాచేవాళ్లు. పాకం ముదిరిందో లేదో తేల్చే మనిషి ఒకడుండేవాడు. చన్నీళ్లలో చుక్క వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసి, ‘దించండి’ అనేది అతనే. కాస్త అటూ ఇటూ అయితే బెల్లం రంగు మారుతుంది. రంగు మారితే చిత్తూరు మార్కెట్లో ధర పడిపోతుంది.

ఆ వ్యాపారంలో రైతుకు కష్టాలు లేవని ఎవరూ అనరు. దళారులుండేవారు, తూకంలో కోతలుండేవి, అప్పిచ్చిన మండీకే సరుకు తోలాల్సి వచ్చేది. అయినా రైతు చేతిలో ఒక బలం మిగిలేది. బెల్లం ఆగుతుంది. ఈ వారం ధర లేకపోతే ఇంట్లో పెట్టుకుని వచ్చే వారం తోలొచ్చు. ఫ్యాక్టరీలు వచ్చాక ఈ ప్రాంతం అమ్ముతున్నవన్నీ ఆగని సరుకులే. నరికిన చెరకు, పితికిన పాలు, కోసిన మామిడి, చివరికి రోజు కూలి కూడా. ఆగని సరుకు పట్టుకుని గేటు ముందు నిలబడ్డవాడు బేరమాడలేడు. కాబట్టి సరుకు గేటు దాకా రాకముందే ధర కాగితం మీద తేలాలి. పరిశ్రమలు కావాలా వద్దా అన్న పాత వాదన కంటే చిత్తూరు జిల్లాకు ఇప్పుడు ఇదే ముఖ్యం.

చెరకు సంగతే చూడండి. నరికిన గడ రోజు గడిచేకొద్దీ బరువూ చక్కెరా కోల్పోతుంది. ఈ సంగతి తెలిసే కేంద్రం 1966లో చెరకు నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. గడ అప్పగించిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ధర కూడా సీజన్‌కు ముందే కేంద్రం ప్రకటిస్తుంది. ఇంత స్పష్టమైన చట్టం మరే పంటకూ లేదేమో. అయినా చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలోని శ్రీ వెంకటేశ్వర సహకార చక్కెర ఫ్యాక్టరీ రెండూ మూతపడ్డాయి. రైతులకు బిల్లుల బకాయిలు, కార్మికులకు జీతాల బకాయిలు మిగిలాయి. ప్రైవేటు మిల్లుల దగ్గరా బకాయిల కోసం రైతులు రోడ్డెక్కిన రోజులున్నాయి. చట్టం ఉంటే చాలదు, దాన్ని అమలు చేయించే చెయ్యి కూడా ఉండాలని ఈ జిల్లా రైతు డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాడు. నీళ్లు అడుగంటడం, నరికే కూలీలు దొరక్కపోవడం దీనికి తోడయ్యాయి. చెరకు పోయి మామిడి వచ్చింది.

పాల కథ కూడా దాదాపు ఇంతే. ఒకప్పుడు జిల్లా అంతటి పాలకూ దిక్కైన చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. ప్రైవేటు డెయిరీలు వ్యాన్లు పంపాయి, పాలు కొన్నాయి, డబ్బూ ఇచ్చాయి. కానీ వెన్న శాతం ఎంతో, లీటరుకు ఎంతో చెప్పే మాట కొనేవాడిదే అయింది. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు పోల్సన్ కంపెనీకి పాలు పోయడం ఆపి సొంత సహకార సంఘం కట్టుకున్నది సరిగ్గా ఇలాంటి పరిస్థితిలోనే. అందులోంచి పుట్టిందే అమూల్. 2023 జూలైలో చిత్తూరు డెయిరీ పునరుద్ధరణకు శంకుస్థాపన జరిగింది. స్థలాన్ని 99 ఏళ్ల లీజుకు తీసుకున్నది ఆ అమూలే. గుజరాత్ రైతులు కట్టుకున్న సంస్థ ఇక్కడికి రావడం మంచిదే. ఇక్కడి రైతులు కట్టుకున్న సంస్థను ఎందుకు నిలబెట్టుకోలేకపోయామో అడగకుండా మాత్రం ముందుకు పోకూడదు.

పరిశ్రమ అనగానే ఈ పక్క పల్లెల్లో అందరి నోటా వచ్చే పేరు అమరరాజా. ఐరాలకు పొరుగునే ఉన్న పూతలపట్టు మండలం పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి తిరిగొచ్చి, 1985లో తిరుపతి దగ్గర కరకంబాడిలో ఈ సంస్థకు పునాది వేశారు. అత్తమామలు అమరావతమ్మ, పాటూరి రాజగోపాలనాయుడు పేర్లు కలిపి పెట్టిన పేరది. రాజగోపాలనాయుడు రైతు నాయకుడు, 1977లో చిత్తూరు ఎంపీ. ఆ తర్వాత పేటమిట్టకూ, బంగారుపాళ్యం మండలం నూనెగుండ్లపల్లెకూ ఫ్యాక్టరీలు వచ్చాయి. టెన్త్, ఐటీఐ చదివిన పిల్లలు బెంగళూరు, చెన్నై బస్సెక్కకుండా కంపెనీ బస్సెక్కారు. నెల మొదట్లో జీతం పడే ఇల్లు ఎలా నిలదొక్కుకుంటుందో కరవు చూసిన పల్లెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

అదే సంస్థ చుట్టూ జరిగిన గొడవ కూడా చెప్పుకోవాలి. 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లె ప్లాంట్ల మూసివేతకు ఉత్తర్వులిచ్చింది. సీసం కాలుష్యం ఉందన్నది ఆరోపణ, నిబంధనలు పాటిస్తున్నామన్నది కంపెనీ వాదన. హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 డిసెంబరులో సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో రూ.9,500 కోట్ల పెట్టుబడికి తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఇంత జరిగినా చర్చంతా రాజకీయ కక్షసాధింపా, కాలుష్యమా అన్నదాని చుట్టూనే తిరిగింది. బ్యాటరీ పనిలో సీసం తప్పదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో మొట్టమొదట ఉండిన పేరు సీసం విషమే. ఏ కంపెనీ అయినా, ఏ ప్రభుత్వం ఉన్నా, కార్మికుడి రక్తంలో సీసం ఎంత ఉందో చెప్పే కాగితం అతని చేతికే, అతనికి అర్థమయ్యే తెలుగులో రావాలి. ఆ కాగితం ఉంటే రాజకీయ నాయకుల మాట మీద ఆధారపడాల్సిన అవసరం అతనికి ఉండదు.

ఇప్పుడు మామిడి. తోతాపురి అసలు పండుగా తినడం కంటే గుజ్జుకే పనికొచ్చే రకం. మన దుకాణాల్లో సీసాల్లో దొరికే మామిడి రసాల వెనుక ఉన్నది ఈ కాయే. అంటే దీన్ని కొనేవాడు ప్రధానంగా ఒక్కడే, జ్యూస్ ఫ్యాక్టరీ. 2025 జూన్‌లో ఏం జరిగిందో జిల్లా ఇంకా మరిచిపోలేదు. కాపు విరగకాసింది. ముందటేడు గుజ్జు ఇంకా గోదాముల్లోనే ఉందని ఫ్యాక్టరీలు వెనక్కి తగ్గాయి. ఫ్యాక్టరీ కిలోకు రూ.8 ఇవ్వాలి, ప్రభుత్వం రూ.4 కలుపుతుంది, మొత్తం రూ.12 అని ప్రకటన వచ్చింది. ఆ ఎనిమిది కూడా చేతికి రాని రైతులెందరో. టోకెన్ పట్టుకుని ట్రాక్టర్లు గేటు ముందు రోజుల తరబడి నిలిచాయి. ట్రాక్టర్ బాడుగ రోజురోజుకూ పెరుగుతుంటే, అడుగున ఉన్న కాయ మెత్తబడి రసం కారుతుంటే, కాయలు కొనే ర్యాంపు దగ్గర ఎవరో చెప్పిన ధరకు తలూపి దించేసి పోవడం తప్ప గత్యంతరం ఏముంటుంది?

జూన్ 7న కర్ణాటక తోతాపురి జిల్లాలోకి రాకుండా ఆపారు. దాని మీద అక్కడి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఇక్కడి ముఖ్యమంత్రికి లేఖ రాశారు. కర్ణాటకలోని శ్రీనివాసపురం రైతుదీ ఇక్కడి బంగారుపాళ్యం రైతుదీ ఒకటే బాధ, కానీ వాళ్లిద్దరూ ఒకరికొకరు ఎదురు నిలబడాల్సి వచ్చింది. జూలైలో కేంద్రం క్వింటాలుకు రూ.1,490.73 ధరతో మార్కెట్ జోక్యం పథకానికి ఒప్పుకుంది. అప్పటికి తెగనమ్ముకున్నవాళ్లు తెగనమ్ముకున్నారు, కాయలు రోడ్డు పక్కన పారబోసినవాళ్లు పారబోశారు.

జ్యూస్ ఫ్యాక్టరీ గేటు లోపల ఉన్నవాళ్లను కూడా చూడాలి. కాయలు కడిగే చోట, పాడైన భాగం కోసి తీసేసే బల్లల దగ్గర ఎక్కువగా కనిపించేది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లే. సీజన్ రెండు మూడు నెలలు, పని పగలూ రాత్రీ. కాంట్రాక్టరు మాట మీద వస్తారు, కాయ ఆగిన రోజున పని ఆగుతుంది. ధర పడితే రైతు నష్టపోతాడని అందరికీ తెలుసు, ఫ్యాక్టరీ కొనడం తగ్గిస్తే ఈ ఆడవాళ్ల కూలీ పోతుందని ఏ ప్యాకేజీలోనూ రాయరు. 2025లోనే రాష్ట్రం ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచింది, మహిళలకు రాత్రి షిఫ్టులు అనుమతించింది. ఆ ఏడాది నవంబర్ 21న దేశమంతటా కొత్త కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. పెరిగిన గంట ముందుగా పల్లెకు చేరుతుందో, ఆ పత్రం ముందుగా చేరుతుందో కార్మిక శాఖ అధికారులు చూపించాలి.

ఈ ప్రాంతంలో మామిడి పూత సంక్రాంతి చుట్టూ వస్తుంది. కాయ కోతకు రావడానికి ఇంకా నాలుగైదు నెలలుంటాయి. గోదాముల్లో ఎంత గుజ్జు మిగిలిందో ఫ్యాక్టరీలకు అప్పటికే తెలుసు, ఏ మండలంలో ఎన్ని ఎకరాల తోతాపురి ఉందో ఉద్యాన శాఖకు తెలుసు. కలెక్టరేట్‌లో రైతులను, ఫ్యాక్టరీ యజమానులను కూర్చోబెట్టాల్సింది అప్పుడు. జూన్‌లో, కాయ చెట్టు మీద మాగిపోతుండగా పెట్టే సమావేశంలో రైతు చేతిలో చెప్పడానికి ఏమీ ఉండదు. కనీస ధర, రోజుకు ఎన్ని టోకెన్లు, గేటు ముందు ఒక రోజు దాటి ఆగితే బాడుగ ఎవరు కట్టాలి, చెరకుకు ఉన్నట్టే 14 రోజుల్లో చెల్లింపు, ఆలస్యానికి వడ్డీ, ఇవన్నీ ఆ ఒప్పందంలో ఉండాలి. ఒక్కో రైతు ఒక్కో ఫ్యాక్టరీతో సంతకం పెడితే మళ్లీ పాత కథే. ఐరాల రైతులు సంఘంగా ఒకే కాగితం మీద సంతకం చేయాలి, దాని నకలు గ్రామ సచివాలయం గోడ మీద అతికించాలి. ఫ్యాక్టరీ తీసుకునే సీజన్ కూలీల పేర్లు, రోజు కూలి, పని గంటలు కూడా అదే గోడ మీద, అదే రోజున ఉండాలి.