నడవడానికి వచ్చేవాళ్ళు, నడిచి వచ్చేవాళ్ళు

మా అమ్మ పుట్టింది శాలిబండలో, కాపురం లాల్‌దర్వాజలో. అరవై మూడేళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళలో హుస్సేన్‌సాగర్ నడుమనున్న బుద్ధుడి దగ్గరికి ఒక్కసారీ పోలేదు. ట్యాంక్‌బండ్ మీద బస్సు పోతుంటే కిటికీలోంచి దండం పెట్టుకోవడమే. మొన్న ఒక ఆదివారం "పడవెక్కి ఆడిదాంక పోయొద్దాంరా" అంది. క్యాబ్ పెడతానన్నాను. "ఫిరీ బస్సుండంగ క్యాబెందుకు?" అని చెప్పులేసుకుంది.

2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చిన దగ్గర్నుంచీ మా అమ్మ ప్రపంచం పెద్దదైంది. ఎవరినీ పైసలడక్కుండా చెల్లెలింటికి పోతుంది, గుడికి పోతుంది. ఈసారీ అంతే. ఆమెకి జీరో టికెట్, నాకు పైసల టికెట్. చార్మినార్ మీంచి కోఠి దాకా ఒక బస్సు, అక్కడ మారి లక్డీకాపూల్ దాకా ఇంకో బస్సు. ఇంతవరకు ఫిర్యాదేమీ లేదు. నేను మాట్లాడేది బస్సు దిగిన తర్వాతి సంగతి.

లక్డీకాపూల్ నుంచి లుంబినీ పార్కులో పడవల రేవు దాకా నడిస్తే దగ్గర దగ్గర కిలోమీటరున్నర. మామూలు మనిషికి ఇరవై అయిదు నిమిషాలు. మాకు గంట పట్టింది. ఫుట్‌పాత్ మోకాలెత్తున మొదలై, పది గజాలకోసారి తెగిపోతుంది. ఎక్కాలి, దిగాలి. ఎక్కినచోట ట్రాన్స్‌ఫార్మర్, దిగినచోట పార్క్ చేసిన బండ్లు. కాసేపటికి అమ్మ ఫుట్‌పాత్‌ని వదిలేసి రోడ్డు వారనే నడిచింది. మోకాళ్ళు అరిగినవాళ్ళెవరైనా అదే చేస్తారు. వెనక హారన్లు. సచివాలయం కనబడేసరికి రోడ్డు వెడల్పైంది. రోడ్డు వెడల్పైతే బండికి సుఖం, నడిచే మనిషికి మాత్రం దాటాల్సిన దూరం పెరిగినట్టు. దూరంగా నీళ్ళ మీద బుద్ధుడు నిలబడి ఉన్నాడు.

"అగుపిస్తనే ఉన్నడు గని అందుతలేడురా" అంది అమ్మ.

చివరికి మమ్మల్ని రోడ్డు దాటించింది మక్కబుట్టలు కాల్చుకునే ఒకాయన. చెయ్యి అడ్డం పెట్టి బండ్లాపి, "జల్దీ రా అమ్మా" అని పిలిచాడు. ఒక రాజధాని నగరంలో, సచివాలయం పక్కన, పాదచారుల వ్యవస్థ అంటే ఆయన చెయ్యే.

ఇప్పుడు అసలు విషయం. మా పాతబస్తీ నుంచి సాగర్ దాకా రోడ్డు తెరవడం ఈ నగరానికి చేతగాక కాదు. ఏటా గణేశ్ నిమజ్జనం రోజు తెరుస్తుంది. బాలాపూర్ నుంచి బయల్దేరిన శోభాయాత్ర ఫలక్‌నుమా, అలియాబాద్, చార్మినార్, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్, బషీర్‌బాగ్, లిబర్టీ మీదుగా నీళ్ళ దగ్గరికి చేరుతుంది. ఆ ఒక్కరోజు ట్రాఫిక్ మళ్ళిస్తారు, బారికేడ్లు కడతారు, దారి పొడవునా నీళ్ళు పెడతారు. వేలమంది నడుస్తారు. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడూ తెరిచారు. లుంబినీ పార్కు, సచివాలయం, ఎన్టీఆర్ మార్గ్ చుట్టూ దాదాపు 2.8 కిలోమీటర్ల ట్రాక్. రోడ్డు నున్నగా తయారైంది, మామూలు బండ్లన్నీ వేరే దార్లు పట్టాయి. దేవుడి కోసం ఒకరోజు, రేసు కార్ల కోసం ఒకరోజు వీలైన పని, అరవై మూడేళ్ళ మనిషి రోడ్డు దాటడానికి నలభై సెకన్లపాటు ఎందుకు వీలు కాదు?

ఇంకోటి కూడా గుర్తు చేసుకోవాలి. ఆ విగ్రహాన్ని అక్కడికి చేర్చడానికి ఈ ప్రభుత్వాలు పడ్డ పాట్లు. 1990 మార్చిలో బార్జి మీద తీసుకెళ్తుంటే ఒరిగి నీళ్ళల్లో పడింది. మనుషుల ప్రాణాలు పోయాయి. రెండేళ్ళకు పైగా సాగర్ అడుగునే ఉంది. 1992 డిసెంబర్‌కి పైకి తీసి నిలబెట్టారు. వందల టన్నుల రాయిని చెరువు అడుగునుంచి లేపిన ఇంజనీరింగ్ మనకుంది. ఫుట్‌పాత్ అంచు ఒక జానెడు దించే ఇంజనీరింగ్ మాత్రం లేదంటే నేను నమ్మను.

మెట్రో ఉంది కదా అంటారు. లక్డీకాపూల్‌లో స్టేషనుంది, నిజమే. మాకు దగ్గరి మెట్రో ఎంజీబీఎస్. చార్మినార్ నుంచి దానికి మళ్ళీ రెండు కిలోమీటర్ల దాకా, మూసీ ఒడ్డుకి. మొదటి దశలోనే ఫలక్‌నుమా దాకా రావాల్సిన లైన్ 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. ఆ మిగిలిన ముక్కకి శంకుస్థాపన 2024 మార్చిలో. ఎంఎంటీఎస్ ఉంది కదా అంటారు. ఫలక్‌నుమాలో ఎక్కితే కాచిగూడ, సికింద్రాబాద్ చుట్టి బేగంపేటలో దిగాలి. అక్కడ రైలు మారి నెక్లెస్ రోడ్ స్టేషన్‌కి రావాలి. కూతవేటు దూరానికి ఊరంతా ప్రదక్షిణ.

"దీవిలో ఎవరూ కాపురం ఉండరు, సరదాగా చూసొచ్చే చోటుకి ఇంత గొడవెందుకు?" అని ఒక మిత్రుడు అడిగాడు. కొచ్చిలో దీవులకి పడవలు జనం పనులకి పోవడానికి కాబట్టి వైటిలాలో మెట్రో, బస్టాండ్, వాటర్ మెట్రో రేవు ఒకే దగ్గర పెట్టుకున్నారు, మనకా అవసరం లేదు అని ఆయన వాదన. నా జవాబు ఒకటే. సరదా కూడా అవసరమే. ఇరుకు గల్లీలో, రెండు గదుల ఇంట్లో నలభై ఏళ్ళు వండి పెట్టిన మనిషికి గాలి తగిలే నీళ్ళ ఒడ్డు అవసరం కాదని ఎవరు తేల్చారు? కారున్నవాడి సరదాకి ఫ్లైఓవర్లు కట్టినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

సాగర్ చుట్టూ నడిచే దారులు లేవని కాదు. బ్రహ్మాండమైనవి ఉన్నాయి. పొద్దున్నే కారు పార్క్ చేసి, షూస్ బిగించి నాలుగు రౌండ్లు కొట్టొచ్చు. ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లాపి జనాన్ని తిరగనిచ్చిన రోజులూ ఉన్నాయి. అంటే నడవడానికి వచ్చేవాళ్ళకి దారి ఉంది. నడిచి వచ్చేవాళ్ళకే లేదు. నడక మన ప్రణాళికల్లో ఒక వ్యాయామం, ఒక వినోదం. రవాణా మాత్రం కాదు.

ఇందులో మన సాహిత్యం పిల్లలకీ వాటా ఉంది. నేనూ అందులో ఒకణ్ణే. హెరిటేజ్ వాక్ అంటూ గచ్చిబౌలి నుంచి చార్మినార్‌కి వస్తాం, ఇరానీ చాయ్ తాగుతాం, లాడ్‌బజార్ గాజుల ఫొటో తీస్తాం, పాతబస్తీ ఆత్మ గురించి రాస్తాం. ఆ దారి ఎప్పుడూ ఒకవైపే. మనం వాళ్ళ దగ్గరికి పోయి చూసొస్తాం. వాళ్ళు ఇటు ఎలా వస్తారన్నది మన వ్యాసాల్లో లేదు. హుస్సేన్‌సాగర్ 1560ల నాటిది, చార్మినార్ 1591 నాటిది. చార్మినార్ కంటే చెరువే పెద్దది. అలాంటిది, చార్మినార్ నీడలో బతికేవాళ్ళు ఆ చెరువుకి చుట్టాల్లా వచ్చిపోవాలా?

నేనడిగేవి పెద్దవేం కాదు. ఆదివారాలు ఫలక్‌నుమా నుంచి చార్మినార్ మీదుగా లుంబినీ పార్కు గేటు దాకా నేరుగా ఒక బస్సు. లక్డీకాపూల్ నుంచి రేవు దాకా తెగని ఫుట్‌పాత్. నడిచేవాళ్ళకి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. గేటు ముందు జీబ్రా గీతలు, వాటికి పనిచేసే సిగ్నల్. తవ్వాల్సిన సొరంగాలూ లేవు, కూల్చాల్సిన ఇళ్ళూ లేవు.

పడవ ప్రయాణం మాత్రం నిమిషాల్లో అయిపోయింది. అమ్మ విగ్రహం కింద మెట్టు మీద కూర్చుని, తల పూర్తిగా వెనక్కి వాల్చి పైకి చూసింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నీళ్ళ మీదికెల్లి వచ్చుడు అల్కగుంది, రోడ్డు మీదికెల్లి వచ్చుడే కష్టముంది" అంది.

తిరుగు ప్రయాణంలో లక్డీకాపూల్ దాకా నడవనంది. "ఇగ నాతోని కాదు." లాల్‌దర్వాజ దాకా ఆటో మాట్లాడాను. జీరో టికెట్‌తో మిగిలిందంతా, దానికి నాలుగింతలూ, ఆ ఆటోకి పోయింది. ఇంటికొచ్చాక మా చిన్నమ్మ ఫోన్ చేసి తననీ తీసుకుపొమ్మంది. అమ్మ అటునుంచి చెప్తుంటే విన్నాను:

"పోదువుగని, మోకాళ్ళు మంచిగున్నప్పుడే పో."

మా చిన్నమ్మకి యాభై ఎనిమిది.